శంషాబాద్ డ్రాప్: కిరాయిలో కనపడని రెండో ప్రయాణం

ఆగస్టు మొదటి వారం, రాత్రి పదకొండున్నర కావస్తోంది. నిజాంపేటలో మా అక్కావాళ్ల అపార్ట్‌మెంట్ కింద రెండు పెద్ద సూట్‌కేసులు, ఒక క్యాబిన్ బ్యాగు, వాటికి కాపలాగా మేం. మేనకోడలి అమెరికా విమానం తెల్లవారుజామున నాలుగు దాటాక. కారు మధ్యాహ్నమే యాప్‌లో షెడ్యూల్ చేసిపెట్టాం కాబట్టి ఎవరికీ దిగులు లేదు. ఫోన్ మోగింది.

"డ్రాప్ ఎక్కడ సార్?"

"ఎయిర్‌పోర్ట్ అన్నా."

"క్యాషా, ఆన్‌లైనా?"

"ఆన్‌లైన్."

"సరే సార్, వస్తున్న."

మ్యాప్‌లో కారు బొమ్మ ఐదు నిమిషాలు ఉన్నచోటే ఉంది. ఆ తర్వాత బొమ్మే లేదు. ఇంకాసేపటికి రెండో కారు వచ్చింది కానీ, డిక్కీ ఎత్తితే సగానికి పైగా సీఎన్‌జీ సిలిండరే. ఒక సూట్‌కేసు పట్టింది, రెండోది నిలబెట్టినా పడుకోబెట్టినా పట్టలేదు. ముందు సీట్లో పెడదామంటే ఎక్కాల్సిన వాళ్లు ముగ్గురు. చివరికి కాలనీలో ట్రావెల్స్ బండి నడిపే ఒకాయనను నిద్రలేపి బతిమాలుకుంటే పని జరిగింది. యాప్ చూపించినదానికంటే ఎక్కువే తీసుకున్నాడు. ఆ రాత్రి మొదటి డ్రైవర్‌ని అందరం తలో మాటా అన్నాం. తర్వాత కూర్చుని అతని వైపు నుంచి లెక్కేస్తే, అతని చోట నేనున్నా ఆ రైడ్ వదిలేసేవాణ్నేమో అనిపించింది.

మనం ఎయిర్‌పోర్ట్‌కి కారు బుక్ చేస్తే మనకు కనిపించేది ఒక్క ప్రయాణం, ఇంటి నుంచి టెర్మినల్ దాకా. డ్రైవర్‌కి మాత్రం అవి రెండు. టెర్మినల్ నుంచి మళ్లీ ఊళ్లోకి రావాలి కదా. ఆ రెండో ప్రయాణం ఖర్చు ఎవరు భరిస్తున్నారన్నది తెలిస్తే ఈ వ్యవహారంలో చాలా చిక్కుముళ్లు విడిపోతాయి. రేటు ఎందుకు పెరిగింది, రైడ్ ఎందుకు క్యాన్సిల్ అయింది, ట్రావెల్స్ వాళ్లు ఎక్కువ ఎందుకు అడుగుతారు, అన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

బేగంపేటలో విమానాశ్రయం ఉన్న రోజుల్లో ఈ సమస్యే లేదు. ప్రయాణికుణ్ని దింపి గేటు దాటితే అది నడి ఊరు, ఇంకో కిరాయి దొరికేది. 2008 మార్చి 23న విమానాలు శంషాబాద్‌కి మారాక ఎయిర్‌పోర్ట్ అంటే ఊరి బయట, ఒక మూలన ఉన్న చోటు అయిపోయింది. కూకట్‌పల్లి నుంచో సికింద్రాబాద్ నుంచో పోవాలంటే దారిని బట్టి 35 నుంచి 40 కిలోమీటర్లు. టెర్మినల్ దాకా రైలు లేదు. ఎంఎంటీఎస్ లోకల్ రైలు 2023లో ఉందానగర్ వరకు వచ్చింది కానీ, అక్కడ దిగి మళ్లీ రోడ్డెక్కాల్సిందే. రాయదుర్గం నుంచి ఎయిర్‌పోర్ట్ మెట్రోకి 2022 డిసెంబర్‌లో శంకుస్థాపన జరిగింది, ప్రభుత్వం మారాక ఆ దారి పక్కకు పోయి నాగోల్ వైపు నుంచి వచ్చే మార్గం ముందుకొచ్చింది. ఆర్టీసీ పుష్పక్ బస్సులు మాత్రం నమ్మకంగా తిరుగుతాయి. ఒక్కరే, ఒక్క బ్యాగుతో వెళ్తుంటే, బస్సు మీ ఇంటికి దగ్గరలో ఆగేట్టయితే, ఇక్కడితో చదవడం ఆపేసి పుష్పక్ ఎక్కేయొచ్చు. మూడు సూట్‌కేసులూ ఒక అమ్మమ్మా ఉంటే మాత్రం కారే దిక్కు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. డ్రైవర్ మనల్ని దింపేది పైనున్న డిపార్చర్స్ దగ్గర. సరిగ్గా కింద, అరైవల్స్‌లో, కారు కోసం చూసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మరి ఖాళీగా తిరిగి రావడమేమిటి? దింపిన బండి అలా కిందికి వచ్చి ఎవరినో ఎక్కించుకుని పోవడానికి కుదరదు. క్యాబ్‌లకు వేరే పార్కింగ్, అక్కడ వరస. తన వంతు ఎప్పుడొస్తుందో తెలియకుండా కూర్చోవాలి. సీట్లు వెనక్కి వాల్చుకుని, డోర్లు తెరుచుకుని నిద్రపోయే డ్రైవర్లు ఆ పార్కింగ్‌లో కనిపిస్తారు. వంతొచ్చాక తగిలే సవారీ శంషాబాద్ ఊళ్లోకే అయితే ఆ గంటల కాపలా అంతా గంగలో కలిసినట్టే. అందుకే చాలామంది వరసలో కూర్చోవడం కంటే ఖాళీగా ఊళ్లోకి రావడమే మేలనుకుంటారు.

లెక్క సులువుగా ఉండాలని కిలోమీటరుకు 20 రూపాయలు అనుకుందాం. 40 కిలోమీటర్లకు 800. తిరిగి ఖాళీగా వస్తే బండి తిరిగింది 80 కిలోమీటర్లు, అంటే చేతికొచ్చింది కిలోమీటరుకు 10. అందులోంచి గ్యాసు, బండి కిస్తీ, యాప్‌కి కట్టే కమీషనో రోజువారీ రుసుమో పోవాలి. అదే రెండు గంటల్లో మాదాపూర్, కొండాపూర్ మధ్య నాలుగు చిన్న కిరాయిలు కొడితే ఖాళీ నడక చాలా తక్కువ. 2024 ఏప్రిల్‌లో నగరంలోని యాప్ డ్రైవర్లు "నో ఏసీ" అంటూ ప్రచారం పెట్టారు. ఏసీ వెయ్యాలంటే అదనంగా ఇవ్వండి అన్నారు. ఎండాకాలంలో చెమటలు కక్కుతూ కూర్చున్నవాళ్లకి అది మొండితనంగానే అనిపించింది, నాక్కూడా. ఆ గొడవ వెనకున్నదీ ఈ లెక్కే.

మరి ఖాళీ నడకను బిల్లులో చూపించి నేరుగా వసూలు చేయొచ్చు కదా అంటే, కుదరదు. కేంద్ర ప్రభుత్వం 2025 జులైలో మోటారు వాహనాల అగ్రిగేటర్ (అంటే యాప్ క్యాబ్ సంస్థల) మార్గదర్శకాలను మార్చి విడుదల చేసింది. వాటి ప్రకారం ప్రయాణికుడు ఎక్కిన చోటు నుంచి దిగిన చోటు వరకే ఛార్జీ. మూడు కిలోమీటర్ల లోపు చిన్న ప్రయాణాల విషయంలో తప్ప ఖాళీగా తిరిగిన దూరానికి డబ్బు అడగకూడదు. డిమాండ్ ఎక్కువున్నప్పుడు మూల ఛార్జీకి రెండింతల దాకా పెంచుకోవచ్చు. అంతకుముందు 2020 నాటి నియమాల్లో ఈ పరిమితి ఒకటిన్నర రెట్లే. ఇవి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు, అమలు చేయాల్సింది రాష్ట్రాలు. ఏమైనా, బిల్లులో తలుపు మూసేస్తే ఖర్చు కిటికీలోంచి వస్తుంది. ఒకసారి సర్జ్ (డిమాండ్‌ని బట్టి పెంచే రేటు) రూపంలో, ఒకసారి "సార్, పైన రెండొందలు ఇస్తారా" అన్న ఫోన్ రూపంలో, ఇంకోసారి మాయమైపోయిన కారు బొమ్మ రూపంలో.

క్యాన్సిల్ చేసినందుకు శిక్ష లేదా? ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. సరైన కారణం లేకుండా రద్దు చేస్తే ఛార్జీలో 10 శాతం, ఎంత పెద్ద రైడయినా 100 రూపాయలకు మించకుండా. డ్రైవర్‌కైనా మనకైనా ఒకటే నియమం. డ్రైవర్ వైపు 100 రూపాయలు, మన వైపు లక్ష రూపాయల అమెరికా టికెట్. ఈ త్రాసు ఏ నియమంతోనూ సమానం కాదు. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, అక్కడ గెలిచినవాళ్లూ ఉన్నారు. ముంబయి శివార్లలోని ఒక లాయరమ్మ 2018లో క్యాబ్ ఆలస్యం చేయడంతో చెన్నై విమానం అందుకోలేకపోయారు. 2022లో ఠాణే జిల్లా కమిషన్ ఆమెకు 20 వేల రూపాయలు ఇవ్వాలని యాప్ సంస్థను ఆదేశించింది. లాయరు కాబట్టి నాలుగేళ్లు పట్టు విడవలేదు. మనమైతే నాలుగో వాయిదాకే మానేస్తాం.

ఇప్పుడు ఆ "షెడ్యూల్" సంగతి. మా అక్కావాళ్లింట్లో అందరికీ షెడ్యూల్ అంటే రైలు బెర్తు కన్ఫర్మ్ అయినట్టే. చాలా యాప్‌లలో అది అలా కాదు. మధ్యాహ్నం రెండింటికి మీరు షెడ్యూల్ నొక్కితే యాప్ మీ కోరికను రాసిపెట్టుకుంటుంది, అంతే. మీరు చెప్పిన సమయం దగ్గరపడ్డాక వెతుకులాట మొదలుపెడుతుంది. అప్పుడు మీ చుట్టుపక్కల కారు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఒక రకంగా చెప్పాలంటే, రాత్రి పదకొండుంపావుకి మీరే నొక్కాల్సిన బటన్‌ని మీ బదులు యాప్ నొక్కుతోంది. దీనికి భిన్నంగా ముందే డ్రైవర్‌ని ఖాయం చేసి, పేరూ బండి నంబరూ పంపే పద్ధతీ ఉంది. దానికి రేటు ఎక్కువ. ఆ ఎక్కువ దేనికంటే, డ్రైవర్ ఆ సమయాన్ని మీ కోసం ఖాళీగా అట్టిపెట్టుకోవాలి కాబట్టి. రెండింటికీ తేడా పట్టుకోవడానికి ఒకటే గుర్తు: ప్రయాణానికి చాలా గంటల ముందే మీ చేతిలో బండి నంబరు ఉందా, లేదా? లేకపోతే మీ దగ్గరున్నది బుకింగ్ కాదు, ఆశ.

రాత్రిళ్లు ఈ ఆశ ఇంకాస్త పలచగా ఉంటుంది. గల్ఫ్ మీదుగానో యూరప్ మీదుగానో అమెరికా వెళ్లే విమానాల్లో చాలావరకు అర్ధరాత్రి దాటాకే లేస్తాయి. పశ్చిమ హైదరాబాద్‌లో అదే వేళకు పసుపు ప్లేటు బండ్లలో చాలా భాగం ఐటీ కంపెనీల లాగిన్, లాగవుట్ డ్యూటీల్లో, అంటే ఉద్యోగులను ఆఫీసుకీ ఇంటికీ చేర్చే పనిలో ఉంటాయి. రోడ్డు మీద కళ్ల ముందు నుంచే కార్లు పోతుంటాయి, యాప్‌లో ఒక్కటీ చూపించదు. సాయంత్రం విమానాలకు కథ తిరగబడుతుంది. కారు వెంటనే వస్తుంది, వచ్చి బయోడైవర్సిటీ జంక్షన్లో మీతోపాటే ఇరుక్కుంటుంది. ఈ ఊళ్లో రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు కారు దొరకదు, కారు దొరికినప్పుడు రోడ్డు ఖాళీ ఉండదు. అందుకే నా పద్ధతి ఇది: పగటి విమానమైతే యాప్, చేతిలో ఓ గంట అదనంగా పెట్టుకుని. రాత్రి పది దాటాక బయల్దేరేదైతే మనిషి.

ట్రావెల్స్ వాళ్ల భాష

మనిషి అంటే ట్రావెల్స్ ఆఫీసు గానీ, సొంతంగా పసుపు ప్లేటు బండి నడుపుకునే కాలనీ డ్రైవర్ గానీ. వీళ్ల దగ్గర రేటు ముందే మాట్లాడుకుంటాం, ఆ రేటులోనే ఖాళీ నడక కలిసి ఉంటుంది. ఎక్కువ అనిపించడానికి అసలు కారణం అదే. ఇచ్చిన మాట మీద నిలబడకపోతే రేపు కాలనీలో ఎదురుపడాలన్న మొహమాటం కూడా ఆ రేటులో భాగమే, దానికి 10 శాతం పరిమితి లేదు.

వాళ్లు రెండు రకాలుగా చెబుతారు. ఒకటి "ఎయిర్‌పోర్ట్ డ్రాప్", ఇంతకింత అని టోకు రేటు. రెండోది లోకల్ ప్యాకేజీ, 4 గంటలు 40 కిలోమీటర్లు లేదా 8 గంటలు 80 కిలోమీటర్లు, దాటితే గంటకింత, కిలోమీటరుకింత. హైదరాబాద్‌లో అమ్మాయినో అబ్బాయినో అమెరికా పంపడమంటే ఒక్కరు వెళ్లడం కాదు. అమ్మానాన్నా, వీలైతే బాబాయీ కూడా వెళ్తారు, లోపలికి పోయి చెక్ ఇన్ అయిందని ఫోన్ వచ్చేదాకా బయటే నిలబడతారు. మరి వాళ్లు తిరిగి రావాలి కదా! చాలామంది వెళ్లేటప్పుడు డ్రాప్ మాట్లాడుకుని, తిరిగొచ్చేటప్పుడు అరైవల్స్ దగ్గర ఇంకో కారు వెతుక్కుంటారు. అంటే ఖాళీ నడకకు ఒకసారి కట్టి, తిరుగు ప్రయాణానికి మళ్లీ కడుతున్నారు. అదే బండిని ప్యాకేజీ కింద మాట్లాడుకుని, అందులోనే వెనక్కి రావడం చాలాసార్లు లాభం. ఆ రెండో ప్రయాణంలో మీరే కూర్చుంటారు, ఇక అది ఖాళీ కాదు.

ప్యాకేజీలో ఒక మెలిక ఉంది, "గ్యారేజీ టు గ్యారేజీ". కిలోమీటర్లూ గంటలూ మీ ఇంటి దగ్గర నుంచి కాదు, బండి వాళ్ల షెడ్డులో కదిలిన దగ్గర నుంచి, మళ్లీ షెడ్డు చేరేదాకా లెక్క. నిజాంపేట ఇంటికి మలక్‌పేట ట్రావెల్స్ మాట్లాడితే 80 కిలోమీటర్ల ప్యాకేజీలో పెద్ద ముక్క మీరు ఎక్కకముందే, దిగిన తర్వాతే అయిపోతుంది. దగ్గర్లో ఉన్న ట్రావెల్స్ రేటు వంద ఎక్కువైనా చివరికి చవక. ఇంకా అడగాల్సినవి: టోల్ కలిసిందా, పార్కింగ్ ఎవరిది, డ్రైవర్‌కి నైట్ బత్తా ఉందా, జీఎస్టీ 5 శాతం పైనా లోపలా. "అన్నీ కలిపి ఎంత?" అని అడిగి, వచ్చిన జవాబును వాట్సాప్‌లో రాయించుకోవడం మేలు. నోటి మాట తెల్లవారుజామున మూడింటికి ఇద్దరికీ వేర్వేరుగా గుర్తుంటుంది.

తెల్ల ప్లేటు కారు గురించి కూడా ఒక మాట. "మా తమ్ముడి కారే సార్, సగానికి తీసుకెళ్తాడు" అనేవాళ్లు ప్రతి కాలనీలో ఉంటారు. సొంత వాడకానికి రిజిస్టరైన బండిని కిరాయికి తిప్పితే అది పర్మిట్ లేకుండా తిప్పినట్టే. దారిలో ఆపితే బండి ఆగిపోతుంది, మీరూ ఆగిపోతారు. అంతకంటే పెద్ద చిక్కు ప్రమాదం జరిగితే. బండిని కిరాయికి తిప్పారన్న కారణం చూపి బీమా కంపెనీ పేచీ పెడుతుంది. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే కిరాయి బండి. ఎలక్ట్రిక్ కిరాయి బండికి ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు. ఏపీ, టీఎస్, టీజీ మూడూ మన రోడ్ల మీద కనిపిస్తాయి, దాంతో కంగారేం లేదు. టీజీ అనేది 2024 మార్చి నుంచి వచ్చిన కొత్త అక్షరాలు, అంతే.

డిక్కీ, దారి, గడియారం

"సెడాన్ చాలు" అనుకునే ముందు ఆ సెడాన్ దేని మీద నడుస్తుందో అడగాలి. సీఎన్‌జీ అయితే డిక్కీలో సగానికి పైగా సిలిండర్‌దే. పెద్దది తీసుకుంటే తీరిపోతుందా అంటే, అదీ లేదు. ఎర్టిగాలో ఏడుగురు కూర్చునేలా మూడో వరస లేపి ఉంచితే వెనక మిగిలేది 209 లీటర్ల చోటు, నిటారుగా నిలబెట్టిన పెద్ద సూట్‌కేసు ఒకటి పడితే గొప్ప. అంటే అది ఏడుగురు మనుషుల బండి, లేదా నలుగురైదుగురు మనుషులూ సామానూ పట్టే బండి. రెండూ ఒకేసారి కాదు. పైన క్యారియర్ ఉందా అని అడగడం పాత అలవాటులా అనిపిస్తుంది కానీ, ఆవకాయ డబ్బాలతో సహా కిలో కిలో తూచి సర్దిన 23 కిలోల పెట్టెలు రెండు గేటు ముందు నిలబడ్డప్పుడు అదే పనికొస్తుంది. వానాకాలమైతే టార్పాలిన్ కూడా అడగండి. ఆగస్టులో ఎవరూ అడగరు, తడిశాక అడుగుతారు.

దారి విషయంలో హైదరాబాద్ అదృష్టం, టెర్మినల్ ఒకటే. ఢిల్లీలోలాగా ఏ టెర్మినలో చూసుకోకుండా వెళ్లి బెంబేలెత్తిపోయే పని లేదు. గచ్చిబౌలి వైపు వాళ్లకి ఔటర్ రింగ్ రోడ్డు, టోల్ ఉంటుంది, సమయం కలిసొస్తుంది. ఔటర్ మీద కుడివైపు రెండు లేన్లలో వేగ పరిమితి 120, ఎడమవైపు వాటిలో 80. డ్రైవర్‌ని "కొంచెం తొందరగా" అనే ముందు అది గుర్తుంచుకోవాలి. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పిల్లర్ల మీదుగా పోయే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే, 11.6 కిలోమీటర్లు, టోల్ లేదు. పాతబస్తీ వాళ్లకి 2025 జనవరిలో జూపార్కు నుంచి ఆరాంఘర్ దాకా ఫ్లైఓవర్ తెరిచాక బతుకు తేలికైంది.

అత్తాపూర్, ఉప్పర్‌పల్లి వైపు ఉండేవాళ్లకు ఒక చిక్కు. అక్కడ అడ్రసంటే పిల్లర్ నంబరే. మ్యాప్‌లో క్యాబ్ మీ పిల్లర్ దగ్గరే ఉన్నట్టు చూపిస్తుంది, ఉన్నది మాత్రం మీ నెత్తి మీద ఎక్స్‌ప్రెస్‌వే పైన. ర్యాంపు దొరికి కిందికి దిగి వెనక్కి తిరిగి వచ్చేసరికి పావుగంట. "పిల్లర్ కింద, ఫలానా వైపు సర్వీసు రోడ్డు" అని ఫోన్‌లో చెప్పేదాకా ఆ బొమ్మను నమ్మొద్దు.

సమయం వెనక నుంచి లెక్కేయడం మంచిది. దేశీయ విమానాలకు చెక్ ఇన్ కౌంటర్లు సాధారణంగా 60 నిమిషాల ముందు మూస్తారు, విదేశీ విమానాలకు ఇంకాస్త ముందే. కాబట్టి విమానం లేచే సమయం కాదు, కౌంటర్ మూసే సమయమే మీ అసలు గడువు. అక్కడి నుంచి వరసలకి కొంత, దారికి కొంత, ఒక క్యాన్సిలేషన్‌కి అరగంట. ఈ చివరి అరగంట ఎవరూ వేసుకోరు. గణేశ్ నిమజ్జనం రోజైతే ఏ లెక్కా పనికిరాదు. ట్రాఫిక్ మళ్లింపులు చూసుకుని, ఊరు దాటే దారి ఖాయం చేసుకుని బయల్దేరడమే.

ఒంటరిగా వెళ్లే ఆడపిల్లలు బండి నంబరు యాప్‌లోనిదేనా అని చూసుకుని ఎక్కడం, ఓటీపీ ఎక్కాకే చెప్పడం తెలిసినవే. తెలంగాణ పోలీసుల టీ-సేఫ్ సేవ సంగతి తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. 2024 మార్చి నుంచి ఉంది. 100కో 112కో చేసి 8 నొక్కితే మీ ప్రయాణాన్ని మధ్యమధ్యలో కనిపెట్టి ఉంటారు. స్మార్ట్‌ఫోన్ లేకపోయినా పనిచేస్తుంది.

ఈ మధ్య మా బావ బెంగళూరు వెళ్లాడు, పొద్దున ఆరింటి విమానం. ఆ కాలనీ డ్రైవర్‌నే మాట్లాడుకున్నాడు. ఈసారి రేటు నాలుగొందలు తగ్గించాడట. ఎందుకని అడిగితే, అదే పొద్దున దుబాయ్ నుంచి దిగే ఒకాయన్ని ప్రగతినగర్ తీసుకొచ్చే కిరాయి ముందే ఉందన్నాడు. "మీరు లేకపోయినా పోయేదే సార్, ఖాళీగా పోవుడెందుకని." మూడుంపావుకి కింద నుంచి ఫోన్ చేసి గేటు తీయించమన్నాడు.